ఒరుసుకునేంత వెడల్పు

నలభై ఏళ్లుగా గుంటూరులో గోడలు లేపుతున్నాను.
ఎవరింటికైనా ముందు అడిగే మాట ఒకటే,
ఎంతమంది ఉంటారండీ అని.
నల్లపాడు రోడ్డులో దొడ్డి చూపిస్తూ షౌకత్ సాయిబు
"ఒక్కడే మేస్త్రీ. అరవై కిలోలు.
నీకన్నా నాకన్నా ఎక్కువ కాలం ఉంటాడు" అన్నాడు.

నిమ్మచెట్టు నీడలో బోర్లించిన మాలు తట్టలా వాడు.
ఆఫ్రికా జాతంట. పేరు దివాన్‌జీ.

చవగ్గా పోతుందని ముందు ఇనుప వల కట్టాను.
తెల్లారేసరికి వల కడుపుతో ఉన్నట్టు ఉబ్బి, చిరిగి,
దివాన్‌జీ పక్కింటి తోటకూర మడిలో తేలాడు.
కోపంతో చేసింది కాదు. తొందరా లేదు.
అవతల పచ్చగా కనబడింది,
కనబడిందంతా దారే వాడికి.
వల పీకేసి ఇటుక గోడ కట్టాను, మోకాలెత్తు,
పునాది మాత్రం రెండడుగులు, తవ్వుతాడని.
మూడు రోజులు గోడ వెంబడే తిరిగాడు,
మూల మూలకీ ఆగి ముక్కు ఆనించి.
నాలుగో రోజు మానేశాడు.
"ఇంతే గోడకి లోకం అయిపోయిందా వీడికి?"
మరియదాసు నవ్వాడు.
నవ్వకురా, మాలు కలుపు అన్నాను.

తర్వాత ఇల్లు.
ఆరడుగులకి ఐదు. పైన పెంకులు, గాలికో కిటికీ,
తూర్పు గుమ్మం, లోపల నున్నగా ప్లాస్టరింగు.
దివాన్‌జీ గుమ్మం దాకా వచ్చాడు.
మెడ చాపి చూశాడు.
అక్కడే ఉచ్చ పోసి వెనక్కి తిరిగాడు.

రోహిణి కార్తెలో నిమ్మచెట్టు మొదట్లో తవ్వడం మొదలెట్టాడు.
ఒక కాలు తర్వాత ఒక కాలు,
కూలి కోసం కాదు కాబట్టి ఆగి గడియారం చూడడు.
నాకు రోషమొచ్చింది, చెప్పుకుంటే సిగ్గు.
తాబేలు మీద రోషం.

ఈ నేల సంగతి నాకు తెలుసు.
నల్లరేగడి. ఎండకి నెర్రెలిస్తుంది, వానకి జావైపోతుంది.
వాడికి తెలీదు. వాడి తాతలు ఇసకలో తవ్వినవాళ్లు.

శ్రావణంలో ఓ రాత్రి సాయిబు ఫోను.
"మేస్త్రీ, కూలిపోయింది. వాడు లోపలే."
సాయిబు కూతురు మెహజబీన్ టార్చి పట్టుకుంది.
గడ్డపార తగిలితే చిప్ప పగులుతుందని
మరియదాసూ నేనూ చేతుల్తోనే తోడాం.
మోచెయ్యి దాకా పోయాక తగిలింది
కూలకుండా మిగిలిన సొరంగం గోడ.
అద్దం.
నా తాపీ ఏనాడూ తేని నునుపు.
వెళ్తూ వస్తూ రెండు పక్కలా చిప్ప ఒరిసి ఒరిసి
వాడే పట్టించిన పాలిషు.
అయ్యో, నేను కిటికీ పెట్టాను వీడికి.

బురదలోంచి బుస్సుమని ఊపిరి వినబడింది.
మెహజబీన్ ఏడ్చేసింది. సాయిబు నన్ను కావిలించుకున్నాడు,
ఒళ్లంతా రొచ్చు.

పేరేచర్ల నుంచి నాలుగు ట్రాక్టర్ల గ్రావెలు తోలించి
మిట్ట పోశాను, నీళ్లు నిలవకుండా.
దాని కడుపులో సిమెంటు తూము, ఏటవాలుగా,
చివర్న వాడు తిరిగేంత గుండ్రటి గది.
నోరు ఆగ్నేయానికి, పొద్దుటి ఎండ మూతి మీద పడేట్టు.
చలికి గోనె పరదా. మిరప గోతాం కాదు,
ఘాటుకి కళ్లు మండుతాయి, వడ్ల గోతాం.
తూము కొనేముందు వాడి వీపు మీద టేపు పెట్టాను.
ఇన్నేళ్లలో ఉండబోయేవాడి ఒళ్లు కొలిచి
ఇల్లు కట్టడం అదే మొదలు.
నాలుగు వేళ్లు ఎక్కువ ఉంచాను, ఇంకా పెరుగుతాడట.

సాయంత్రం దివాన్‌జీ వచ్చాడు.
మెడ చాపాడు. నేను బీడీ ఆర్పేశాను.
చిప్ప తూముకి రాసుకున్న గరగర శబ్దం
లోపలికి, ఇంకా లోపలికి,
ఆగింది.

కూలి లెక్క ఎప్పుడో తేలిపోయింది.
గోడ కూడా ఎప్పుడో గట్టిపడింది.
ఇప్పటికీ ఆదివారాలు సైకిలేసుకుని పోతాను.
ఏం మేస్త్రీ అంటే,
నీళ్లు కొట్టాలండీ, పచ్చి గోడ అంటాను.